వార్నిష్ కొట్టాక బొమ్మలన్నీ తెల్లబడ్డాయి, కాపాడుకునే దారి ఉందా?

కొత్తకుంచె · శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను. రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బొమ్మలు, పదిమంది సైనికులు, ఒక నాయకుడు. ఐదు వారాలుగా రోజూ రాత్రి గంట, గంటన్నర కూర్చుని రంగులు వేశాను. నాయకుడి ఎర్ర అంగీ ఒక్కదానికే నాలుగు రాత్రులు పట్టింది. ఈ సాయంత్రం చివరి పనిగా మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే కొట్టాను. అరగంట ఆగి చూస్తే అందరి మీదా బూజు పట్టినట్టు తెల్లటి పొర. ఎరుపు వెలిసిపోయిన గులాబీ రంగులోకి వచ్చేసింది, నలుపు బూడిద రంగైంది. ముఖాల్లో కళ్లు కనిపించడం లేదు.

వాన అప్పుడే వెలిసింది. తలుపు తీసి, గుమ్మం దగ్గర అట్టపెట్టెలో పెట్టి కొట్టాను. డబ్బాను నాలుగైదు సార్లు ఊపాను.

రంగంతా ఊడదీసి మళ్లీ మొదటి నుంచి వేయాలా? వచ్చే శనివారం వీటితో బల్ల మీద యుద్ధం ఆట ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

రాగిపూత · శనివారం, రాత్రి 10:31

ఊడదీయకండి. ఈ రాత్రికి వాటి మీద ఇంకే స్ప్రే కొట్టకండి. ముందు ఒక పరీక్ష చేయండి. శుభ్రమైన కుంచెను నీళ్లలో ముంచి, అంగీ వెనకవైపు ఎవరికీ కనిపించని మడత మీద ఒక చుక్క పెట్టండి. తడి ఉన్నంతసేపు అసలు రంగు కనిపిస్తోందా?

కొత్తకుంచె · శనివారం, రాత్రి 10:44

కనిపిస్తోంది! చుక్క పెట్టిన చోట నేను వేసిన ఎరుపు అలాగే ఉంది. కానీ ఆరగానే మళ్లీ తెల్లబడింది.

రాగిపూత · శనివారం, రాత్రి 10:58

అయితే మీ రంగుకు ఏమీ కాలేదు, కింద భద్రంగా ఉంది. పాడైంది పైనున్న వార్నిష్ పొర మాత్రమే.

మ్యాట్ వార్నిష్‌లో సన్నటి సిలికా పొడి ఉంటుంది. ఆ గరుకు వెలుతురును చెదరగొడుతుంది కాబట్టే మెరుపు పోతుంది. ఆ గరుకు హద్దు దాటితే చెదిరిన వెలుతురే తెల్లటి పొరలా కనిపిస్తుంది. నీళ్లు ఆ సందుల్ని నింపుతాయి కనుక తడిలో రంగు తిరిగి వచ్చినట్టుంటుంది. అంటే ఆ సందుల్ని ఆవిరి కానిదానితో నింపాలి, అంతే.

రేపు పగలు ఒక్క బొమ్మ తీసుకోండి. నాయకుణ్ణి కాదు, ఒక మామూలు సైనికుణ్ణి. సీసాలో దొరికే అక్రిలిక్ గ్లాస్ (మెరిసే రకం) వార్నిష్‌ను, స్ప్రే కాదు, కుంచెతో పల్చగా ఒక్క పూత వేయండి. మడతల్లో నిలిచిపోకుండా చూడండి, నిలిస్తే అదే కుంచెను తుడిచి మిగిలింది పీల్చేయండి. రాత్రంతా ఆరనివ్వండి. బొమ్మ తళతళలాడుతుంది, కంగారు పడొద్దు. మర్నాడు దాని మీద కుంచెతోనే మ్యాట్ వార్నిష్ వేయండి.

మూడోపూత · శనివారం, రాత్రి 11:20

కొంచెం నూనె రాసి తుడిచినా పోతుంది బ్రో. నేను ఒకసారి అలాగే చేశాను.

పాతసైనికుడు · ఆదివారం, ఉదయం 6:50

మూడోపూత గారూ, నూనెతో చూడ్డానికి పోతుంది, నిజమే. తర్వాత దాని మీద ఏ వార్నిష్ పట్టాలన్నా, ఏ రంగు సరిదిద్దాలన్నా నిలవదు. ఆడే బొమ్మను రోజూ చేత్తో పట్టుకుంటాం, దుమ్ము కూడా అంటుకుంటుంది. రాగిపూత గారు చెప్పిన దారే మంచిది.

కొత్తకుంచె గారికి, ఇలా ఎందుకు అయిందో కూడా తెలుసుకోండి, ఇకముందు పనికొస్తుంది. మీరు రాసిన దాంట్లోనే రెండు కారణాలున్నాయి. మొదటిది వాన. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది ఆరుతున్న వార్నిష్‌లో చిక్కుకుంటుంది. తేమ 60 శాతం దాటితే నేను స్ప్రే డబ్బా ముట్టుకోను, కుంచెతోనే వేస్తాను. చిన్న తేమ మీటరు ఒకటి బల్ల మీద పెట్టుకున్నాను. ఈ పనిలో నేను కొన్నవాటిలో కుంచెల తర్వాత బాగా పనికొచ్చింది అదే.

రెండోది ఊపడం. నాలుగైదు సార్లు సరిపోదు. మ్యాట్ పొడి డబ్బా అడుగున పేరుకుని ఉంటుంది. లోపలి గోళీ కదిలి చప్పుడు మొదలయ్యాక కూడా పూర్తిగా రెండు నిమిషాలు, గడియారం చూసి ఊపాలి. లేకపోతే ఒకసారి పొడి తక్కువై మెరుస్తుంది, మరోసారి పొడి మొత్తం వచ్చి పడుతుంది.

దూరం 20 నుంచి 30 సెంటీమీటర్లు. అంతకన్నా దూరమైతే చుక్కలు గాలిలోనే ఆరిపోయి బొమ్మ మీద ఇసుకలా పడతాయి. బొమ్మ పక్కన ఖాళీలో నొక్కడం మొదలుపెట్టి, బొమ్మ మీదుగా చెయ్యి జరిపి, అవతల ఖాళీలో వదలాలి. ప్రైమర్‌కు, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూతకు కూడా ఇదే పద్ధతి.

సన్నగీత · ఆదివారం, ఉదయం 9:05

నేను ఒక మాట చెప్పాలి, చాలామందికి నచ్చకపోవచ్చు. నేను అసలు వార్నిష్ వేయను. వారం కూర్చుని అంచుల మీద వెంట్రుకంత గీతలు గీస్తాం. మ్యాట్ వార్నిష్ పడితే ఆ తేడాలన్నీ ఒక మెట్టు దగ్గరికొచ్చేస్తాయి. నా బొమ్మల్ని బేస్ (బొమ్మ నిలబడే దిమ్మ) కింది చెక్క పట్టుకుని మాత్రమే కదిలిస్తాను.

పాతసైనికుడు · ఆదివారం, ఉదయం 9:40

అద్దాల బీరువాలో ఉండే బొమ్మకు అది సరే. ఆటలో నలుగురి చేతులు పడతాయి. లోహపు బొమ్మలైతే మరీ కష్టం. కత్తి మొన, మోకాలు, టోపీ అంచు, ఈ మూడు చోట్ల రంగు లేచిపోయి వెండిలా లోహం బయటపడుతుంది. లోహానికి నేను గ్లాస్ ఒక పూత, దాని మీద మ్యాట్ ఒక పూత వేస్తాను. గ్లాస్ గట్టిగా కాపాడుతుంది, మ్యాట్ దాని మెరుపు తగ్గిస్తుంది. ప్లాస్టిక్ తేలిక కాబట్టి కింద పడినా అంత దెబ్బ తగలదు, ఒక్క పూత చాలు.

సన్నగీత · ఆదివారం, ఉదయం 9:52

ఒప్పుకుంటాను. నేను ఆడేది తక్కువ, చూసుకునేదే ఎక్కువ.

కొత్తకుంచె · సోమవారం, రాత్రి 9:30

రాగిపూత అక్కా, పని చేసింది! అక్కా అనొచ్చు కదా?

నిన్న ఒక సైనికుడికి గ్లాస్ వేశాను. వేస్తుంటేనే తెలిసిపోయింది. కుంచె ఎంతవరకు వెళ్తే అంతవరకు రంగు తిరిగి వచ్చేస్తోంది. బూట్ల దగ్గర మొదలుపెట్టి పైకి వచ్చాను. ముఖం మీదకు వచ్చినప్పుడు చెయ్యి కాసేపు ఆగిపోయింది. వేశాక కళ్లు కనిపించాయి. ఈ సాయంత్రం దాని మీద మ్యాట్ వేశాను. ఇప్పుడు ఆ బొమ్మ శనివారం మధ్యాహ్నం ఎలా ఉందో అలాగే ఉంది.

మిగతా తొమ్మిదిమందికి కూడా ఈ రాత్రి గ్లాస్ వేసేస్తాను. నాయకుణ్ణి ఆఖరుకు ఉంచాను. నాయకుడి ఫొటో, బాగైన సైనికుడి ఫొటో రెండూ పెడుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి.

రాగిపూత · సోమవారం, రాత్రి 9:47

అక్కా అనే పిలువు తమ్ముడూ. చాలా సంతోషం. పెదవి కింద నీడ పెట్టావు చూశావా, అది అందరూ పెట్టరు.

సన్నగీత · సోమవారం, రాత్రి 10:15

ఫొటోలు పెద్దవి చేసి చూశాను. అడిగారు కాబట్టి చెప్తున్నాను. నాయకుడి అంగీ మీద తెల్ల పొర కింద కూడా కుంచె చారలు కనిపిస్తున్నాయి, భుజం నుంచి కిందికి నిలువుగా. అది వార్నిష్ తప్పు కాదు, ఎరుపు మందంగా పడింది. సీసాలోంచి నేరుగా వేశారా?

కొత్తకుంచె · సోమవారం, రాత్రి 10:22

అవును. పల్చగా వేస్తే కింద బూడిద రంగు ప్రైమర్ కనిపిస్తోందని, చిక్కగా రెండు పూతలు వేశాను.

సన్నగీత · సోమవారం, రాత్రి 10:50

ఎరుపుతో అందరూ పడే ఇబ్బందే ఇది. ఎరుపు, పసుపు రంగుల్లో వాడే పిగ్మెంట్లు చాలావరకు పారదర్శకంగా ఉంటాయి. ఎన్ని పూతలు వేసినా కింది రంగు తొంగిచూస్తుంది. అందుకని కోపమొచ్చి చిక్కగా వేస్తాం, చారలు పడతాయి, మడతలు పూడిపోతాయి. కింది రంగు మార్చితే ఈ గొడవే ఉండదు. ఎరుపు కింద ముదురు ఇటుక రంగో, ఎర్రటి గోధుమ రంగో వేయండి. అవి చక్కగా కప్పుతాయి. వాటి మీద పల్చటి ఎరుపు రెండు పూతలు చాలు. పసుపు కింద లేత గులాబీ వేసి చూడండి, ఎంత వెచ్చగా వస్తుందో మీకే తెలుస్తుంది. బూడిద మీద పసుపు వేస్తే ఆకుపచ్చ ఛాయతో, నీరసంగా ఉంటుంది.

ఇక పల్చన ఎంత అనేదానికి నేను చేసేది ఇది. ఎడమ బొటనవేలి గోరు మీద ఒక గీత గీస్తాను. గీత గోటి పక్క సందుల్లోకి పాకితే మరీ నీళ్లు. గీతలో కుంచె వెంట్రుకల జాడ మిగిలితే ఇంకా చిక్కన. గీసిన చోటే నిలిచి, జాడ లేకుండా సర్దుకుంటే అది వేయదగ్గ రంగు. సీసా మారితే లెక్క మారుతుంది, అదే సీసా పాతబడినా మారుతుంది. అందుకే ఇన్ని చుక్కల రంగుకు ఇన్ని చుక్కల నీళ్లు అని రాసి పెట్టుకునే పని కాదు. ప్రతి రాత్రీ గోరు మీద చూసుకోవాల్సిందే.

మూడోపూత · సోమవారం, రాత్రి 11:04

వెట్ ప్యాలెట్ వాడుతున్నారా? లేకపోతే ముందు అది చేసుకోండి. మూత ఉన్న వెడల్పాటి డబ్బా, అందులో తడి స్పాంజి, పైన బేకింగ్ పేపర్. రంగు గంటల తరబడి ఆరదు. మూత పెడితే మర్నాటికి కూడా పనికొస్తుంది. నీళ్లు స్పాంజి పైకి తేలకుండా చూసుకోండి, తేలితే రంగు దానంతట అదే పల్చబడిపోతుంది. స్పాంజిని వారానికోసారి కడగకపోతే వాసన వస్తుంది.

కొత్తకుంచె · మంగళవారం, రాత్రి 8:40

లేదు, పాత ప్లేటు మీద కలుపుతున్నాను. అందుకేనేమో కలిపిన పావుగంటకే చిక్కబడిపోతోంది. చారలకు అది కూడా కారణమై ఉంటుంది. రేపే చేసుకుంటాను.

ఇంకొకటి. నాకు కళ్లు సరిగ్గా రావు. నాయకుడికి ఏదో కుదిరింది కానీ సైనికుల్లో నలుగురు అటూ ఇటూ చూస్తున్నారు. 5/0 కుంచె, బాగా సన్నటిది, కొన్నాను, అయినా అంతే.

రాగిపూత · మంగళవారం, రాత్రి 9:25

చిన్న కుంచెతోనే తంటా. 5/0 కుంచె పొట్టలో రంగు నిలవదు. ప్యాలెట్ నుంచి ముఖం దాకా వచ్చేసరికి మొన మీద ఆరిపోతుంది. నువ్వు నొక్కుతావు, అది పక్కకు జారుతుంది. 1వ నంబరు కుంచె తీసుకో, మొన మాత్రం సూదిలా ఉండాలి. పొట్టలో తడి ఉంటుంది, మొన దగ్గర సన్నగా దిగుతుంది. కోలిన్‌స్కీ వెంట్రుకల కుంచెలను ఈ పనిచేసేవాళ్లు అంతగా మెచ్చుకునేది ఇందుకే. సైబీరియన్ వీజిల్ అనే చిన్న జంతువు తోక వెంట్రుకలవి. మొన చెదిరినా తడి చేయగానే దగ్గరికి వచ్చేస్తాయి. రంగును మాత్రం లోహపు పట్టీ దాకా ఎక్కనివ్వకు. అక్కడ ఆరితే వెంట్రుకలు విచ్చుకుంటాయి, ఇక ఆ కుంచె డ్రై బ్రష్‌కే, అంటే దాదాపు ఆరిన రంగును ఎత్తు భాగాల మీద రుద్దడానికే. పని అయ్యాక సబ్బుతో కడిగి, వేళ్లతో మొన దిద్ది పడుకోబెట్టు.

ఇప్పుడు కళ్ల సంగతి. 28 మిల్లీమీటర్ల బొమ్మకు కన్ను ఎత్తు అర మిల్లీమీటరు కూడా ఉండదు. దాంట్లో గుండ్రటి చుక్క పెట్టాలని చూడకు. నేను ముఖంలో అన్నిటికన్నా ముందు కళ్లే వేస్తాను. కంటిగుంట మొత్తం ముదురు గోధుమ రంగు. దాని మీద అడ్డంగా ఒక తెల్లటి గీత, పూర్తి తెలుపు కాదు, కొంచెం మీగడ రంగు కలిపింది. గీత బయటికి పోయినా ఏం కాదు. తర్వాత పైరెప్ప నుంచి కిందిరెప్ప దాకా నల్లటి నిలువు గీత ఒకటి. చుక్క కాదు, గీత. రెప్పల మీదకు పోయినంత మేర చర్మం రంగుతో పైనుంచీ కిందనుంచీ కోసుకుంటూ రా. మిగిలింది కన్ను.

రెండు కళ్లూ ముందుకే చూడాలని కూడా లేదు. నిలువు గీత రెండింటిలోనూ ఒకే వైపు జరిపితే పక్కకు చూస్తున్నట్టు ఉంటుంది, తప్పు తెలియదు. కుడిచేతివాళ్లకు బొమ్మ ఎడమ కన్ను కష్టం. బొమ్మను తలకిందులుగా పట్టుకుని చూడు, చెయ్యి సులువుగా తిరుగుతుంది.

బొమ్మలకొలిమి · మంగళవారం, రాత్రి 10:10

అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి పట్టుకోండి, మోచేతులు బల్ల మీద. చేతులు వణికినా రెండూ కలిసి వణుకుతాయి, కుంచెకూ బొమ్మకూ మధ్య దూరం మారదు.

మొన దిద్దడానికి కుంచెను నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే ఇప్పుడే మానేయండి. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ ఉంటాయి. తడి స్పాంజి మీద కుంచెను తిప్పుతూ లాగినా అంతే మొన వస్తుంది.

పాతసైనికుడు · బుధవారం, ఉదయం 7:05

మంచి మాట. నేను ముప్పై ఏళ్లుగా బొమ్మలకు రంగులు వేస్తున్నాను. మా తరం అందరికీ ఆ అలవాటు ఉండేది. నేను మానేసి చాలాకాలమైంది. పాత లోహపు బొమ్మల్లో సీసం కూడా ఉండేది. వాటిని ఆకురాయితో రుద్దినా, గీకినా చేతులు కడుక్కోకుండా ఏమీ ముట్టుకోకూడదు. రెసిన్ బొమ్మల్ని గీకేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మూడోపూత · బుధవారం, రాత్రి 8:15

శనివారానికి ఇంకా మూడు రోజులే ఉంది బ్రో. కళ్లు మళ్లీ దిద్దుతూ కూర్చోకండి. నల్ల ప్రైమర్ మీద బూడిద, ఆపైన తెలుపు డ్రై బ్రష్ చేసి, మీద పారదర్శకమైన రంగు ఒక్క పూత వేస్తే రెండు రాత్రుల్లో పది బొమ్మలు అయిపోతాయి. సిటడెల్ బ్రాండు కాంట్రాస్ట్ అనే ఒక్క పూత రంగులు 2019లో వచ్చాక మా సైన్యమంతా అలాగే పూర్తయింది. అంతకుముందు రెండేళ్లు బూడిద రంగు ప్లాస్టిక్‌తోనే ఆడాను.

సన్నగీత · బుధవారం, రాత్రి 8:50

తొందరలో అది మంచి దారే, కానీ అందరి బొమ్మలూ ఒకేలా తయారవుతున్నాయి. వెడల్పైన చదును భాగాల మీద మరకలు కట్టి ఆరుతుంది. కవచం, అంగీ లాంటి చోట్ల నాకు నచ్చదు.

మూడోపూత · బుధవారం, రాత్రి 9:02

చదును చోట్ల నిజమే. అక్కడ నేను తడి తగ్గించి, నిలిచినదాన్ని వేరే కుంచెతో పీలుస్తాను. ముఖం, తోలు, జుట్టు, గుడ్డ మడతలు... వీటికి మాత్రం దాన్ని మించింది లేదు. ఆడటానికి సైన్యం సిద్ధంగా ఉండటం కూడా ముఖ్యమే కదా.

పాతసైనికుడు · గురువారం, ఉదయం 6:45

ఇద్దరూ చెప్పింది సరే, ఎంత దూరం నుంచి చూస్తున్నామన్నదే తేడా. 1824లో ప్రష్యా సైన్యం అధికారుల శిక్షణకు తీసుకున్న యుద్ధక్రీడలో బొమ్మలు కూడా లేవు, చిన్న చిన్న దిమ్మలు. ఒక పక్షానికి ఎరుపు, ఒక పక్షానికి నీలం. పటం మీద ఎవరు ఎక్కడున్నారో చూడగానే తెలియడమే అక్కడ రంగు పని. మన బల్ల మీద కూడా మొదట జరిగేది అదే. బల్ల అవతల నిలబడ్డ ఆటగాడికి కనిపించేవి మూడు: ముఖం వెలుతురు, ఆయుధం అంచు, బేస్. సైనికులకు ఆ మూడూ శుభ్రంగా చేయండి. బేస్ చుట్టూ అంచుకు ఒకే రంగు నున్నగా వేయండి, పదిమందీ ఒక దళంలా కనిపిస్తారు. మిగిలిన సమయమంతా నాయకుడికి ఇవ్వండి. నాయకుణ్ణి ఎవరైనా చేతిలోకి తీసుకుని చూస్తారు.

కొత్తకుంచె · గురువారం, రాత్రి 11:10

పాతసైనికుడు గారూ, ఈ రోజు అలాగే చేశాను. సైనికుల కళ్లు వదిలేశాను. గుంటల్లో ముదురు గోధుమ వాష్ (నీళ్లలా పల్చటి రంగు) పెట్టి, చెంపల మీద, ముక్కు మీద ఒక్కొక్క లేత చుక్క పెట్టాను. చెయ్యి చాచి పట్టుకుని చూస్తే నిజంగా చూస్తున్నట్టే ఉన్నారు. బేస్ అంచులన్నీ నలుపు.

నాయకుడి అంగీకి సన్నటి ఇసుక కాగితం నీళ్లలో తడిపి, చారలున్న చోట నెమ్మదిగా రుద్దాను. దాని మీద వెట్ ప్యాలెట్ నుంచి ఎర్రటి గోధుమ, తర్వాత పల్చటి ఎరుపు మూడు పూతలు. గోరు మీద చూసుకుంటూనే వేశాను. మొదటి పూతకు ఏమీ కాలేదనిపించింది. రెండో పూతకు మడతలు కనిపించాయి. మూడో పూత ఆరాక భుజం మీద గుడ్డ నిజంగా బరువుగా వేలాడుతున్నట్టు ఉంది. నాలుగు రాత్రులు పట్టిన పని ఒక్క రాత్రిలో అంతకన్నా బాగా వచ్చింది. ఒకటే మిగిలింది, మెడ దగ్గర లోతైన మడతలో పాత తెల్ల పొర ఆవగింజంత ఉంది. కుంచెతో గ్లాస్ అందడం లేదు.

రాగిపూత · శుక్రవారం, ఉదయం 7:30

అక్కడ వార్నిష్ వద్దు. ఎరుపులో ఒక బొట్టు ముదురు గోధుమ కలిపి, నీళ్లతో బాగా పల్చన చేసి, కుంచెను కాగితం మీద ఒకసారి తుడిచి ఆ మడతలోకి మొన మాత్రం తాకించు. రంగు దానంతట అదే లోపలికి పాకుతుంది. ఎలాగూ అక్కడ నీడ ఉండాల్సిందే. ఆరాక చాలకపోతే ఇంకోసారి.

కొత్తకుంచె · శుక్రవారం, రాత్రి 9:20

రెండుసార్లు తాకించాను. పోయింది. కుంచెతో మ్యాట్ కూడా వేశాను, తేమ మీటరు ఇంకా కొనలేదు, అందుకని స్ప్రే జోలికి వెళ్లలేదు. పదకొండుమందీ పెట్టెలో ఉన్నారు. రేపు ఆట అయ్యాక బల్ల మీద ఫొటో పెడతాను.